అంకాలమ్మ మూతిగుడ్డ

“అదిగో, మళ్లీ చెయ్యి పెడతాండావు పొక్కుల మీద! పెట్టొద్దంటే వినవేందే?” ఆదిశేషమ్మ కసిరింది.

అంకాలమ్మ చెయ్యి తీసేసింది. ఏమీ అనలేదు. అనే వీలు లేదు. పై పెదవి మీద నాలుగు పొక్కులు, కింది పెదవి మీద రెండు. ముక్కు కింద చర్మం ఊడి ఎర్రగా ఉంది. కొబ్బరినూనె రాసి రాసి గడ్డం దాకా నిగనిగలాడుతోంది. ఆ నోటికి జడవని మనిషి పాళెంలో లేడు. అది మూతపడి ఇవాళ్టికి మూడో రోజు.

ఆమె మాట్లాడకపోతే ఇల్లు చల్లగా ఉండాలి కదా. ఉండలేదు. ఆమెకు బదులు ఊరంతా మాట్లాడుతోంది.

“ఇరవై ఏండ్లుగా ఒకే పాకలో సున్నం జల్లిస్తాండాం, నేనూ మీ అమ్మా.” ఆదిశేషమ్మ వాకిట్లో వల ఆరేస్తున్న పెంచలయ్యకు వినబడేట్టు అందుకుంది. “కొంగు కట్టుకున్నాం, దగ్గుకున్నాం, కొంపకొచ్చినాం. ఒక్కనాడన్నా మూతి కాలిందా? నీ పెళ్లాం మూతిగుడ్డ కుట్టిచ్చింది. అది కట్టుకున్న పూటే కాలింది. నేనేం అనడంలా నాయనా. చూసింది చెప్తాండా.”

ఏమీ అననివాళ్లు అనేదే ఎక్కువ. చెప్పడం అయ్యాక ఆమెకు దగ్గుతెర వచ్చింది. గోడ పట్టుకుని వంగి వంగి దగ్గింది. కోడలు జయశీల లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. ఆదిశేషమ్మ నీళ్లయితే తాగింది గాని, ఇచ్చిన మనిషి ముఖం చూడలేదు.

ఆ దగ్గే కదా ఈ రభసకంతా మూలం. సరస్సులో ఏరిన గుల్లను బట్టీలో కాల్చి నీళ్లు చిలకరిస్తే విచ్చి పిండి అవుతుంది. ఆ పిండిని పాకలో కూర్చుని ఆడవాళ్లు జల్లిస్తారు. సున్నపు దుమ్ము లేచి ముక్కుల్లోకి పోతుంది. పాకలో పద్నాలుగు జల్లెళ్లు, పద్నాలుగు గొంతులూ దగ్గుతాయి. ఈ మధ్య అత్త దగ్గు బొత్తిగా ఆగడం లేదని జయశీలకు దిగులు పట్టుకుంది. వాకాడు ఆస్పత్రిలో నర్సమ్మ మూతికి కట్టుకున్న గుడ్డ చూసి వచ్చి, అలాంటిదే ఒకటి కుట్టింది. పాత పంచె రెండు మడతలు, నాలుగు నాడాలు. ఆమె చేసిన నేరం అంతే.

పెంచలయ్య వల వదిలేసి గుమ్మంలోకి వచ్చాడు.

“ఏమ్మే, ఏం పెట్టి కుట్టినావు దాంట్లో?”

“దారం పెట్టి కుట్టినా.”

“ఎగతాళా?”

“అడిగినదానికి చెప్పినా మామా. మీ నాయన పంచె అది. ఉతికి, ఎండేసి కుట్టినా. గంజి కూడా పెట్టలా.”

“మరి మా అమ్మ మూతి ఊరికే కాలిందా?”

మూడు రోజులుగా జయశీల కూడా తనను తాను అదే అడుగుతోంది.

“నువ్వు చెప్పమ్మా,” అని పెంచలయ్య తల్లివైపు తిరిగాడు. “ఆ గుడ్డ వల్లనేనా? తల ఊపు, చాలు.”

అంకాలమ్మ కొడుకును చూసింది. కోడలిని చూసింది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తిరగడమే ఔనని పెంచలయ్య అనుకున్నాడు. మనిషి మంచివాడే. కాకపోతే తల్లి సంగతి వచ్చేసరికి తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

“వినుకో. ఇంకోసారి మూతిగుడ్డ కుట్టేదానికి సూది పట్టుకున్నావంటే, ఆ సూదితో సహా నిన్ను మీ పుట్టింట్లో దించొస్తా. మా అమ్మ మీద ఆన!”

అన్నాక అతనే కాసేపు బిత్తరపోయాడు. అంత మాట అనాలని లోపలికి రాలేదు. కానీ ఆదిశేషమ్మ విన్నది. ఆమె విన్న మాటను వెనక్కి తీసుకోవడం దేవుడి తరం కూడా కాదు. పెంచలయ్య వల భుజాన వేసుకుని రేవుకు పోయాడు.

*

మధ్యాహ్నం కట్టెల కోసం పెరట్లోకి పోయిన జయశీలకు ఆ గుడ్డ కంటబడింది. కాలిన రోజు ఎవరో విసిరేశారు. కట్టెల మోపు వెనక పడి ఉంది.

చేతిలోకి తీసుకుంది. వంచబోతే వంగలేదు. పెళ్లున విరిగింది.

జయశీల అక్కడే చతికిలబడింది. పొడి సున్నమయితే దులిపితే రాలిపోవాలి. ఇదేమో గోడకు పూసిన గచ్చులాగా బిగిసిపోయింది. నీళ్లు తగలందే సున్నం ఇట్లా బిగియదు. చెమటకో ఉమ్మికో తడిసిందనుకుందామంటే, అప్పుడు నోటి దగ్గరే బిగియాలి. ఇది నాడాల కొసల దాకా బిగిసింది. అంటే గుడ్డ మొత్తం నీళ్లలో మునిగింది.

ఎవరు ముంచారో ఆలోచించాల్సిన పనే లేదు. ఎండుమిరపకాయలు దంచేటప్పుడు పాళెంలో ప్రతి ఆడమనిషీ గుడ్డ తడిపి ముక్కుకు కట్టుకుంటుంది. ఘాటు ఎక్కకుండా ఉంటుంది. మిరప్పొడికి అది మందే. సరిగ్గా విచ్చని సున్నానికి తడి తగిలితే మాత్రం సలసలా కాగుతుంది. వక్కాకులో చిటికెడు సున్నం ఎక్కువైతేనే నోరు పొక్కుతుంది, ఇక తడిగుడ్డ నిండా పట్టిస్తే అడగాలా?

ఆమె లోపలికి వచ్చి, విరిగిన గుడ్డ ముక్కలు రెండూ అత్త పక్కన పెట్టింది.

“అత్తా, గుడ్డ తడిపి కట్టుకున్నావా?”

అంకాలమ్మ కదల్లేదు.

“మిరపకాయలకు కట్టుకున్నట్టు?”

అంకాలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగు ముఖం మీదికి లాక్కుంది.

పాకలోకి కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ మొదటి రోజు పాఠం చెప్పేది అంకాలమ్మే. తడి చెయ్యి పెట్టబాకండే, తడి చీరతో కూర్చోబాకండే, చెమట తుడుచుకోని రాండే అని. ఎవతె అయినా మరిచిపోతే నెల రోజులు దాన్ని వదిలేది కాదు. అలాంటి మనిషి తనే గుడ్డ తడుపుకుని మూతి కాల్చుకుంది. ఆ మాట ఒప్పుకుంటే రేపు పాకలో ఆమె మాటకు ఏం విలువ మిగులుతుంది?

జయశీలకు ఒళ్లు మండింది. ఈ ఒక్క మనిషి తల అడ్డంగా ఊపి ఉంటే, పొద్దున తన మొగుడు అంత మాట అని ఉండేవాడా?

“సున్నంతో ఇరవై ఏండ్లు బతికినదానివి. తడపబాకని నీకు నేను చెప్పాల్నా?” అంది. అనేశాక, కొంగు కింద వణుకుతున్న గడ్డం చూసి ఆమె గొంతు దిగింది. “సరే. నేనుగా ఎవురికీ చెప్పను అత్తా. చెప్పుకుంటే నువ్వే చెప్పుకో.”

అంకాలమ్మ గుడ్డ ముక్కల్ని కోడలి వైపు జరిపింది.

ఆ వేళే బట్టీ మేస్త్రీ పద్మనాభయ్య కబురు పంపాడు. పాకలో ఇంటికో జల్లెడ. మూడు రోజులు ఖాళీగా ఉంటే నాలుగో రోజు ఆ జల్లెడ ఇంకో ఇంటికి పోతుంది. పోయిందంటే మళ్లీ తిరిగి రాదు. అది బట్టీ పుట్టినప్పటి నుంచి ఉన్న కట్టుబాటు.

రేపు అత్త చోట్లో తను కూర్చోవాలి. మూతికి ఏం కట్టుకుని కూర్చోవాలి?

*

రెండు వీధుల అవతల దర్జీ దరియావలి ఇల్లు. అతని భార్య మెహబూబున్నీసా అరుగు మీద కూర్చుని టోపీలు కుడుతుంది. ఆమె కుట్టిన నమాజు టోపీకి కోట ఊరి దాకా గిరాకీ.

తడిపిందెవరో జయశీల చెప్పలేదు. మెహబూబున్నీసా ఆమె తెచ్చిన గుడ్డ ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“దీన్ని ఎవురో తడిపినారు, సరే. తప్పు వాళ్లదొక్కటే కాదమ్మే.”

“నాదేం తప్పక్కా?”

“చేతిరుమాలు మాదిరి కుట్టినావు. పెదాలకు అతుక్కుంటాది. నీళ్లలో ముంచకపోయినా, మధ్యాన్నానికి ఊపిరికే తడుస్తాది. అప్పుడు కాలదా?”

జయశీల ముఖం మాడిపోయింది. ఈ మాట నిజం. అత్త తడపకపోయినా, ఇవాళ కాకపోతే రేపు ఆ గుడ్డ కాల్చేదే.

“ఏడవబాక. ఇది చూడు.” మెహబూబున్నీసా ఒళ్లోని టోపీ తీసి తన పిడికిలి మీద పెట్టింది. “మెత్తటి గుడ్డే. అయినా పడిపోకుండా ఎట్టా నిలబడుండాదో చూడు. బద్దీలు బద్దీలుగా కుట్టు వేస్తే గుడ్డకు ఎముకలొస్తాయి. మూతికి టోపీ కుట్టు. పెదాలకు తగలకూడదు. మధ్యలో గాలి ఉండాల.”

“తడి తగిలితే ఈ కుట్టు మెత్తబడదా అక్కా?”

“పడతాది. అందుకు నువ్వే ఏందన్నా ఆలోచించు. అన్నీ నేనే చెప్తే నువ్వేం కోడలివి?” అని నవ్వింది.

ఇంటికి వచ్చి జయశీల వంటింట్లో పొయ్యి వెనక కూర్చుంది. సూది పట్టుకునేటప్పుడు ఆన గుర్తొచ్చింది. అయినా దారం ఎక్కించింది. పుట్టింటికి పంపేవాడు పంపనీ, ముందు దగ్గు ఆగనీ అనుకుంది.

పంచె గుడ్డను అర్ధచంద్రాల్లాగా రెండు ముక్కలు కత్తిరించి, వంపు వెంట కలిపి కుట్టింది. ముక్కు మీద గోపురంలా లేచింది. సన్నటి గొట్టాల్లాగా బద్దీలు కుట్టి, ఒక్కో బద్దీలోకీ కొబ్బరి ఈనె సన్నగా గీకి దూర్చింది. మొదటిదాంట్లో ఈనె కొస బయటికొచ్చి ముక్కుకు గుచ్చుకుంది. విప్పేసింది. రెండోసారి కొసలు మడిచి కుట్టింది. లోపలివైపు విడిగా ఒక పల్చటి గుడ్డ, తడిస్తే తీసి మార్చుకునేట్టు. కట్టుకుని పొయ్యిలోని బూడిద జల్లెడ పట్టి చూసింది. ఇల్లంతా బూడిద లేచింది. తనకు తుమ్ము రాలేదు. పక్కన ఉన్న పిల్లి తుమ్మింది.

నడవలో నుంచి అంకాలమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. కొడుకు వచ్చాక చెప్పలేదు. ఆ మాటకొస్తే చెప్పడానికి నోరు లేదనుకోండి.

*

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. జయశీలకు ఇల్లు ఎటూ కలిసి రాలేదు. రచ్చే ముందు గెలవాల్సి వచ్చింది.

మూతిగుడ్డ కట్టుకుని దానిమీద కొంగు చుట్టుకుని పాకలో కూర్చుంది. ఒక జాము గడిచింది. ఉక్కకు తట్టుకోలేక కొంగు జారవిడిచింది.

“కట్టుకోనొచ్చిందే! చూడండే దీని తెగువ!” ఆదిశేషమ్మ కేక పెట్టింది. జల్లెళ్లన్నీ ఆగిపోయాయి.

జయశీల తన జల్లెడ ఆపలేదు.

“పొద్దు వాలేదాకా జల్లిస్తా పిన్నీ. నా మూతి కాలిందంటే నేనే ఈ గుడ్డ తీసుకోనిపోయి బట్టీలో వేస్తా.”

మధ్యాహ్నం లోపలి గుడ్డ తీసి పొడిది పెట్టుకుంది. మళ్లీ కూర్చుంది. ఆ రోజు ఆ పాకలో సున్నం కంటే ఆమెను చూసినవాళ్లే ఎక్కువ.

పొద్దు వాలింది. ఆడవాళ్లంతా కాలవ దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని ముక్కులు చీదారు. రోజూ లాగే తెల్లటి ముద్దలు పడ్డాయి. జయశీల చీదింది. ఏమీ పడలేదు.

ఆదిశేషమ్మ నమ్మలేదు. దగ్గరికి వచ్చి ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తింది. రేవులో చేప మొప్పలు ఎత్తి చూసినట్టు పెదాలు విప్పి చూసింది, ముక్కులు చూసింది.

“దగ్గు మే,” అంది చివరికి.

“రావడంలా పిన్నీ.”

“రాకపోతే తెచ్చుకోని దగ్గు!”

జయశీల ప్రయత్నించింది. దగ్గుకు బదులు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఒకరి తర్వాత ఒకరికి అంటుకుని పద్నాలుగు మందీ కాలవ గట్టు మీద కూర్చుని నవ్వారు. పదముగ్గురికి నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. ఒక్కదానికి రాలేదు. ఆ ఒక్కదానికి తన జన్మలో అంత సంతోషం ఎప్పుడూ తెలియదు.

వెళ్లేటప్పుడు ఆదిశేషమ్మ ఎటో చూస్తూ అంది. “మా ఇంట్లో పాత పంచె ఒకటుండాది. రేపు తెస్తా.”

ఆమె ఒక్కతే కాదు, అందరూ తెచ్చారు. పెంచలయ్య వేటలో ఉన్న వేళ చూసుకుని జయశీల కత్తిరించింది, తక్కినవాళ్లు నాడాలు కుట్టారు, ఈనెలు గీకారు. పాళెంలో ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతి నాలుగు రోజుల దాకా మగవాళ్లకు పొక్కలేదు. ఇది కూడా ఆ పాళెం చరిత్రలో మొదటిసారే.

*

అంకాలమ్మ పొక్కులు మానాయి. ఎనిమిదో రోజు పొద్దున లేచి పాకకు బయలుదేరింది. నోరు బాగయిందని అన్నం తినేటప్పుడే తెలుస్తోంది. మాట మాత్రం ఎవరితోనూ లేదు. వెనకాల జయశీల బుట్టలో మూతిగుడ్డలు పెట్టుకుని నడిచింది.

పాక ముందు మేస్త్రీ పద్మనాభయ్య నిలబడి ఉన్నాడు. కొత్త టెరిలిన్ చొక్కా మీద సున్నం పడకుండా ఆమడ దూరంలో నిలబడడం అతనికి అలవాటు. ఇవాళ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఆ గుడ్డలు కట్టుకోని లోపలికి పోయేదానికి లేదు.”

“ఎందుకు లేదు?” ఆదిశేషమ్మ అడిగింది.

“ఇప్పటికే ఒక మూతి కాలింది. ఇంకో మూతి కాలితే మా అయ్యగారు నన్ను అడుగుతారు. ఈ పిల్ల గుడ్డ వల్లనే కాలిందని పాళెమంతా చెప్పింది. నువ్వే చెప్పినావు గదా అందరికంటే ముందు?”

ఆదిశేషమ్మ తల దించుకుంది.

“గుడ్డ వల్ల కాలేదని ఎవురన్నా చెప్పండి. నేను పక్కకు జరుగుతా,” అన్నాడు మేస్త్రీ.

అందరూ జయశీల వైపు చూశారు. ఒక్క మాట చాలు. ఆ మాట ఆమె నాలుక చివర ఉంది. మాట ఇచ్చింది కాబట్టి బుట్ట పట్టుకుని అట్లాగే నిలబడింది.

ఇంతలో రేవు దారిన పెంచలయ్య పరుగున వచ్చాడు. తడి కాళ్లకు ఇసుక అంటి ఉంది. ఎవరో చెప్పినట్టున్నారు. నేరుగా వచ్చి బుట్టలోకి చూశాడు.

“ఇన్ని కుట్టినావా?”

“కుట్టినా మామా.”

“నేనేం చెప్పినా నీకు?”

“విన్నా. విని కుట్టినా.”

పెంచలయ్యకు ఏం చెయ్యాలో తోచలేదు. చుట్టూ పాళెం ఉంది. తల్లి మీద వేసిన ఆన ఉంది. “నడువు. మీ ఊరికి నడువు,” అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినబడింది.

“తడిపింది నేను.”

మొదట ఎవరూ పోల్చుకోలేదు, ఎనిమిది రోజులుగా వినని గొంతు కదా. బొంగురుగా వచ్చింది. అంకాలమ్మ రెండడుగులు ముందుకేసింది.

“ఏందమ్మా?”

“గుడ్డ తడిపింది నేను. మిరపకాయలు దంచేదానికి కట్టుకున్నట్టు, కుండలో ముంచి, పిండి, కట్టుకున్నా. సున్నం కాగింది. మూతి కాలింది. చాలా, ఇంకా చెప్పాల్నా?”

వెనకాల ఒక చిన్నపిల్ల కిసుక్కుమంది. పక్కనున్నామె దాని మోచెయ్యి గిల్లింది.

“గిల్లబాకే, నవ్వనీ. తడి చెయ్యి పెట్టబాకండని మీ అందరికీ చెప్పిన నోరే గదా ఇది. నవ్వండి!” అంకాలమ్మ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. “సిగ్గేసి చెప్పుకోలా. గోడకు తిరిగి పడుకున్నా. ఈ పిల్లకు మూడోనాడే తెలుసు. మొగుడు పొమ్మన్నా చెప్పలా, ఊరు ఆడిపోసుకున్నా చెప్పలా. అదే నేనయితే పాళెమంతా టముకు వేసుందును.”

ఎవరూ నవ్వలేదు. ఆదిశేషమ్మ ముందుకొచ్చి బుట్టలోంచి తన మూతిగుడ్డ తీసుకుంది.

“మేస్త్రీ, నీకు కావాల్సింది చెప్పినా. జరుగు,” అంది అంకాలమ్మ.

పద్మనాభయ్య జరిగాడు. చొక్కా దులుపుకుంటూ జరిగాడు గాని, దాని మీద ఏమీ లేదు.

అంకాలమ్మ కోడలి ముందుకు వచ్చి వెనక్కి తిరిగి నిలబడింది. “కట్టవే,” అంది.

జయశీల వేళ్లకు నాడాలు అందడం లేదు. కళ్లకు నీళ్లు అడ్డమొస్తున్నాయి. పై ముడి వేసింది, కింది ముడి వేసింది. నెరిసిన జుట్టు ముడిలో చిక్కుకుంటే మెల్లగా తప్పించింది. గెలిచాననిపించింది. ఇంత పెద్ద గెలుపు ఇంత చిన్న ముడిలో ఉంటుందని ఆమె అనుకోలేదు.

ఆడవాళ్లు ఒక్కొక్కరే కట్టుకుని లోపలికి పోయారు. పద్నాలుగు జల్లెళ్లు కదిలాయి. పెంచలయ్య ఇంకా గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. భార్యను పిలవాలని ఉంది. తల్లి మీద పెట్టిన ఆన కాళ్లకు అడ్డం పడుతోంది. ఆన తప్పితే తల్లికి కీడు, ఆన నిలబెట్టుకుంటే తనకు ఇల్లు లేదు.

అంకాలమ్మ జల్లెడ ఆపి అతని వైపు తిరిగింది.

“ఏందిరా అట్టా నిలబడినావు? నా మీద ఆన పెట్టినావు గదా, తప్పబాక. నీ పెళ్లాన్ని పుట్టింట్లో దించిరా. పడవలో ఇద్దరికి చోటు చూడు. నేనూ ఆ పిల్లతోనే పోతా.”